మీ కంచం మీది, దాని గిన్నె దానిది

ఒక ప్రశ్న. ఆలోచించకుండా టక్కున చెప్పాలి. నిన్న రాత్రి మీ పిల్లి ఏం తింది?

పెరుగన్నం. అంతేనా? లేకపోతే పాలు. ఇంకాస్త గారాబం ఉన్న ఇల్లయితే పాలలో నానబెట్టిన బిస్కెట్.

పుట్టపర్తిలో ఏ వీధిలో అడిగినా నాకు వినిపించే జవాబులు ఇవే. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మనం తినేదే దానికీ పెడతాం. అది ప్రేమే. కాకపోతే ఆ ప్రేమకు కొంచెం ట్రైనింగ్ కావాలి. మారాలన్న మనసు మీకుంది. లేకపోతే ఇక్కడిదాకా చదివేవారే కాదు. ఇంక మొదలుపెడదాం.

అసలు ఈ ఊరి పుట్టుకలోనే పాలున్నాయి. ఆవు పాలు పాము తాగిందని, కోపంతో కాపరి రాయి విసిరాడని, పాము శాపంతో ఊరంతా పుట్టలు లేచాయని స్థలపురాణం. అలాంటి ఊళ్లో "పిల్లికి పాలు వద్దు" అంటే నన్ను ఎగాదిగా చూస్తారు. ఆ మాటకొస్తే పాములకూ పాలు ఆహారం కాదు. ఆ గొడవ ఇంకోరోజు పెట్టుకుందాం.

సత్యసాయి బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయం ఈ ఊళ్లో 1950లో వచ్చింది. ఆశ్రమం క్యాంటీన్లలో వండేది శాకాహారమే. దేశదేశాల నుంచి వచ్చినవాళ్లెందరో ఇక్కడే మాంసం మానేశారు. ఆ ప్రభావం ఊరి వంటిళ్ల మీదా పడింది. మంచిదే. ఈ ఊరికి జంతువుల మీద ప్రేమ కూడా ఎవరూ నేర్పక్కర్లేదు. 2007లో సాయిగీత అనే ఏనుగు చనిపోతే సమాధి కట్టుకున్న ఊరు ఇది. అయితే సాయిగీతకూ మీ పిల్లికీ ఒక తేడా ఉంది. ఏనుగు పళ్లు, పేగులు ఆకూ అలమూ పండ్లూ తినడానికి తయారైనవి. పిల్లి కోర, గోరు, పొట్టి పేగు మాంసం కోసం తయారైనవి. ఏనుగు శాకాహారం ఏనుగు ఎంచుకున్నది కాదు. పిల్లి మాంసాహారం పిల్లి చేసిన పాపమూ కాదు.

ఇదే మీ మొదటి మైండ్‌సెట్ షిఫ్ట్. నియమం పెట్టుకున్నది మీరు. పిల్లి కాదు.

అవ్వ పిల్లి రహస్యం

"మా పిల్లి చిన్నప్పటి నుంచీ పెరుగన్నమే. ఏం కాలేదే!" అంటారా? ఆ మాట నాకు మొదట చెప్పింది మా వీధి చివరి అవ్వ.

"మా దానికి కూర వాసన కూడా తెలీదు నాయనా. పెరుగన్నమే తింటాది. ఎంత బలంగా ఉందో చూడు."

చూశాను. నిజమే. నిగనిగలాడే బొచ్చు, ఇనుములాంటి కాళ్లు. నా దగ్గర జవాబు లేదు. నోరు మూసుకుని వచ్చేశాను.

తర్వాత ఒకరోజు అవ్వ వెనకగది చూశాను. గోడ పొడవునా వేరుశనక్కాయల మూటలు. కాయలున్నచోట ఎలుకలు. ఎలుకలున్నచోట అవ్వ పిల్లి. రాత్రంతా అక్కడే దాని డ్యూటీ. పొద్దున అవ్వ పెట్టే పెరుగన్నం టిఫిన్ మాత్రమే. అసలు భోజనం అప్పటికే అయిపోయి ఉండేది.

ఇప్పుడు మీ ఇంటికి రండి. రెండో అంతస్తు. కిటికీలకు మెష్. మూటలు లేవు, ఎలుకలు లేవు. బల్లి దొరికితే పండగ. ఇక్కడ పెరుగన్నమే టిఫిన్, అదే లంచ్, అదే డిన్నర్. అవ్వ సలహా అవ్వ ఇంటికి పనిచేసింది. ఇల్లు మారింది. సలహా కూడా మారాలి.

పిల్లి లోపలి ఇంజిన్

ఈరోజు ఒక్క పదం నేర్చుకోండి. టారిన్. మన శరీరం దాన్ని తయారు చేసుకోగలదు. చాలావరకు కుక్క శరీరం కూడా. పిల్లి మాత్రం తనకు సరిపడా చేసుకోలేదు. మాంసం నుంచి, చేపల నుంచి రావాల్సిందే. బియ్యంలో లేదు. పప్పులో లేదు. పాలలో ఉన్నది దాని అవసరానికి చాలదు.

నెలల తరబడి టారిన్ అందకపోతే కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లోనే పరిశోధకులు ప్రకటించారు. అలా పోయిన చూపు తిరిగి రాదు. పిల్లి గుడ్డిదైతే ఎలుక ఎకసక్కెమాడిందట అని మనకో సామెత ఉంది. పిల్లి ఎందుకు గుడ్డిదైందో సామెత చెప్పలేదు. కారణం గిన్నెలోనే ఉండొచ్చు.

1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ పశువైద్యులు ఇంకో సంగతి బయటపెట్టారు. టారిన్ తగ్గితే గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుంది. ఇందులో విచిత్రం ఏమిటంటే ఆ పిల్లులు పెరుగన్నం తిన్నవి కావు. కంపెనీ డబ్బాల తిండి తిన్నవి! టారిన్ ఇచ్చాక చాలా పిల్లుల గుండె కోలుకుంది. కంపెనీలు ఫార్ములా మార్చుకున్నాయి. అంత పెద్ద ఫ్యాక్టరీలే మారాయి. మీ వంటింట్లో ఒక గిన్నె మారడానికి ఏమిటండీ అడ్డం?

మరికొన్ని గబగబా చెప్పేస్తాను. మనకు క్యారెట్ నుంచి విటమిన్ ఏ వస్తుంది. పిల్లికి రాదు. దానికి ఆ విటమిన్ మాంసం నుంచే, ముఖ్యంగా లివర్ నుంచి, నేరుగా అందాలి. అలాగని రోజూ లివరే పెడితే అదే విటమిన్ ఎక్కువై ఎముకలు బిగుసుకుపోతాయి. ఇక తీపి. పిల్లికి తీపి రుచే తెలియదు. తీపిని పట్టే జన్యువు దానిలో పనిచేయదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సెంటర్ పరిశోధకులు తేల్చారు. ఉగాదికి మీరు ముద్దుగా పెట్టిన ఓళిగ ముక్కలో దానికి తెలిసింది నెయ్యి ఒక్కటే.

పాల సంగతి. తల్లిపాలు మానేశాక చాలా పిల్లుల్లో పాలచక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. విరేచనాలు అందుకే. పెరుగులో ఆ చక్కెర కాస్త తక్కువ కాబట్టి ఒక చెంచాతో ప్రమాదం లేదు. కానీ అది ఆహారం కాదు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి గుర్తుందా? రాయలవారు ఎలుకల బెడదకు ఇంటింటికీ పిల్లినిచ్చి, దానికి పాల కోసం ఆవునూ ఇచ్చారని కథ. రామకృష్ణుడు మొదటిరోజే కాలే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఇంక పాల వంక చూడలేదు. ఆ పద్ధతి దుర్మార్గం, నేను ఒప్పుకోను. కానీ ఎలుకల్ని పట్టాల్సిన పిల్లికి రోజూ కడుపునిండా పాలు పోయమనడం మాత్రం ఏం ప్లానింగ్ చెప్పండి! రాయలవారికి మన పక్కనే పెనుకొండ కోట ఉంది, ఓ మంచి డైట్ కోచ్ లేడు.

నేను చేసిన తప్పు

మీకు చెప్పేముందు నా సంగతి చెప్పాలి. మా ఇంట్లో చిట్టిబాబు అని ఓ గండుపిల్లి. నేను పెరుగన్నం పెట్టలేదు. చదువుకున్నవాణ్ణి కదా! డ్రై ఫుడ్ ప్యాకెట్ తెచ్చాను. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచేవాణ్ణి. "మియావ్" అంటే ఇంకో గుప్పెడు. నాలుగు కిలోలు ఉండాల్సినవాడు ఆరు దాటాడు. వచ్చినవాళ్లు "ఎంత బొద్దుగా ఉన్నాడో" అంటే మురిసిపోయాను.

ఒక మే నెల. మధ్యాహ్నం నుంచి వాడు ఇసుక డబ్బాలో కూర్చుంటాడు, లేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. చుక్క రాదు. నేను మలబద్ధకం అనుకున్నాను. సాయంత్రానికి వాంతులు. అనంతపురం పరుగెత్తితే డాక్టర్ గారు పొట్ట నొక్కి చూసి ఒకే మాట అన్నారు: "మూత్రం బిగుసుకుపోయింది. రేపటిదాకా ఆగి ఉంటే దక్కేవాడు కాదు."

తర్వాత ఆమె విడమరిచి చెప్పారు. పిల్లి పూర్వీకులు ఎడారి అడవిపిల్లులు. నీళ్లు వెతుక్కుని తాగే అలవాటు తక్కువ. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే. వేటలోనే దాహం తీరిపోయేది. డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం లోపు. మనదేమో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వానపడే నేల, 40 డిగ్రీలు దాటే ఎండ. లావుపాటి మగపిల్లి, కదలని బతుకు, పొడి తిండి, తాగని నీళ్లు. అన్నీ కలిసి వచ్చాయి.

మగపిల్లి ఇసుకలో ముక్కుతూ కూర్చుంటే, చుక్క రాకపోతే, అది ఎమర్జెన్సీ. గంటలు లెక్కపెట్టకండి. బండి తీయండి.

నాలుగు కిలోల పిల్లికి తిండిలోది, తాగేది కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. తడి ఆహారం పౌచ్‌లో 80 శాతం దాకా నీరే ఉంటుంది. అందుకే రోజుకు ఒక పూటైనా తడి ఆహారం పెట్టండి. ఇప్పుడు నా ఇంట్లో అది చట్టం. నీళ్ల గిన్నె వెడల్పుగా ఉండాలి, మీసాలు తగలకూడదు. మట్టి మూకుడు భేష్, నీళ్లు చల్లగా ఉంటాయి. తిండి గిన్నె పక్కనే పెట్టకండి. ఇంట్లో రెండు మూడు చోట్ల ఉంచండి. పొద్దున, సాయంత్రం మార్చండి. 1990లలోనే సత్యసాయి నీటి పథకంతో కరువు జిల్లాలో ఎన్నో పల్లెలకు మంచినీళ్లు పంపిన ఊరు మనది. వరండాలో మూడు మూకుళ్లు మనకో లెక్కా?

గిన్నె మార్చే పని

స్టెప్ 1: లేబుల్ చదవండి. ప్యాకెట్ మీద పిల్లి బొమ్మ చూసి కొనొద్దు. వెనక్కి తిప్పండి. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అనో, "కంప్లీట్ ఫుడ్" అనో ఉండాలి. "కాంప్లిమెంటరీ", "ట్రీట్", "స్నాక్" అని ఉంటే అది చిరుతిండి. పదార్థాల్లో మొదట కోడి, చేప లాంటివి కనిపించాలి. టారిన్ పేరు ఉండాలి. వయసు కూడా చూడండి. ఏడాది లోపు కూనకు కిటెన్ ఫుడ్. కడుపుతో ఉన్న, పాలిచ్చే పిల్లికీ అదే.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. పౌచ్ మీద "ప్రొటీన్ 8 శాతం" అని చూసి "ఇంతేనా!" అని పక్కన పెట్టేస్తారు. తొందరపడకండి. అందులో 82 శాతం నీరు ఉందనుకోండి. మిగిలిన 18లో 8 ప్రొటీన్. అంటే దాదాపు 44 శాతం. నీరు తీసేసి లెక్కేస్తే పెద్ద పిల్లికి కనీసం 26 శాతం, కూనకు 30 శాతం ఉండాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. ఎప్పుడూ నీరు తీసేసే పోల్చండి. అప్పుడే పొడిదీ తడిదీ ఒకే తక్కెడలోకి వస్తాయి.

స్టెప్ 2: కొలవండి. గుప్పెడు కొలత కాదు. నాలుగు కిలోల ఇంటిపిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు చాలు. డ్రై ఫుడ్ ఒక్కటే అయితే 50, 60 గ్రాములు. చూడ్డానికి ఎంత తక్కువో! ఒక పౌచ్ పెడితే డ్రై ఫుడ్‌ను 40 గ్రాముల దగ్గరికి దించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? ఇంకాస్త తగ్గించాలి, ఎందుకంటే దాని ఖర్చు తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. ట్రీట్లు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటొద్దు.

స్టెప్ 3: పూటలు విడదీయండి. బయట బతికే పిల్లి రోజుకు ఎనిమిదో పదో చిట్టెలుకలు పట్టి, కొంచెం కొంచెంగా తింటుంది. ఒకేసారి విందు దాని స్వభావం కాదు. పెద్దదానికి మూడు పూటలు, కూనకు నాలుగు. టైమ్ ఫిక్స్ చేయండి. మన ఎండలో తడి ఆహారం గంట దాటి బయట ఉంచకండి.

స్టెప్ 4: మెల్లగా మార్చండి. ఈరోజు పాతది ముప్పాతిక, కొత్తది పావు. రెండు మూడు రోజులకు సగం సగం. వారం, పది రోజుల్లో పూర్తిగా కొత్తది. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని పస్తు పెట్టే మొండితనం పిల్లి దగ్గర పనికిరాదు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా లివర్‌కు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టర్‌కు చూపించండి.

మాంసం వండే ఇళ్లకు ఒక మాట. మీరూ గెలవలేదు! నాటుకోడి పులుసులో ముక్క తీసి కడిగి పెడుతున్నారు కదా? ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. కడిగినా పులుసు ముక్కలోకి దిగే ఉంటుంది. ఉప్పు, కారం లేకుండా విడిగా ఉడికించండి. తొడ ముక్క, గుండెకాయ అయితే టారిన్ ఎక్కువ. అది నీళ్లలోకి కూడా దిగుతుంది, కాబట్టి ఆ నీళ్లూ పోయండి. ఉడికిన ఎముక మాత్రం వద్దు, చీలి గుచ్చుకుంటుంది. రోజూ ఉత్త చికెనే పెట్టినా తప్పే. అందులో చాలినంత కాల్షియం ఉండదు. పెరిగే కూనకు కాళ్లు వంకర పోతాయి. ఇంటి వంటే పెట్టాలనుకుంటే పశువైద్యుల దగ్గర కొలతలతో రాయించుకోండి. అందాకా వారానికి రెండుసార్లు, పక్క వంటకంగా చాలు.

అస్సలు పెట్టకూడనివి: చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉప్పు పట్టించిన ఎండుచేప, పచ్చి చేప, కుక్క తిండి. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ఎప్పుడూ వేయకండి. ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు.

"మా ఇంట్లో గుడ్డు కూడా రాదు సార్"

ఈ మాట ఈ ఊళ్లో వారానికి ఒకసారైనా వింటాను. గౌరవిస్తాను. మీ నియమాన్ని మీరు వదలక్కర్లేదు. మూడు దారులు చెబుతాను.

మొదటిది, సీలు వేసిన పౌచ్, వరండాలో విడిగా ఒక గిన్నె, ఒక చెంచా. వంటింట్లోకి ఏదీ రాదు, ఏదీ ఉడకదు. నాకు తెలిసిన నైష్ఠికులైన ఒక కుటుంబం ఏళ్లుగా ఇలాగే నడుపుతోంది. ఇదే నా ఓటు.

రెండోది, కృత్రిమ టారిన్, మిగతా పోషకాలు కలిపిన వీగన్ పిల్లి ఆహారం. విదేశాల్లో అమ్ముతారు. పశువైద్యుల నిఘా లేకుండా, క్రమం తప్పని పరీక్షలు లేకుండా ఆ దారి పట్టొద్దు. ఇంటి పప్పన్నానికి టారిన్ మాత్ర కలిపితే అలాంటి ఆహారం అయిపోతుందని అస్సలు అనుకోకండి.

రెండూ కుదరవా? పిల్లిని తెచ్చుకోకండి. గట్టిగానే చెబుతున్నాను. కుందేలును పెంచుకోండి, హాయిగా గడ్డి తింటుంది. రామచిలుక మాత్రం వద్దు, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

మియావ్‌కు అర్థం వెతకండి

అసలు ట్రైనింగ్ పిల్లికి కాదు. మీకు. అది అరిచిన ప్రతిసారీ ఆకలి కాదు. బోర్ కొట్టి ఉండొచ్చు. మీరు ఫోన్‌లో ఉన్నారని అలిగి ఉండొచ్చు. మీరు గింజలు వేసి ఆ గొడవ తప్పించుకుంటున్నారు. ఈసారి అరిచినప్పుడు గడియారం చూడండి. తిండి టైమ్ కాకపోతే ఒక దారం ముక్క పట్టుకుని ఐదు నిమిషాలు ఆడించండి. ఆట అయ్యాక దారం దాచేయండి, మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది.

"21 రోజుల్లో ఏ హ్యాబిట్ అయినా వచ్చేస్తుంది" అని మాలాంటి కోచ్‌లు స్టేజీ ఎక్కి చెబుతుంటాం. అది నిజం కాదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని గమనిస్తే కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. అంటే ఒకరోజు పెరుగన్నం పెట్టేశారని గిల్టీగా కూర్చోవద్దు. మర్నాడు మళ్లీ కొలత గిన్నె తీయండి.

చిట్టిబాబు ఇప్పుడు నాలుగున్నర కిలోలు. ఏడాదికి పైగా పట్టింది. పక్కటెముకల మీద చేయి పెడితే వేళ్లకు తెలుస్తాయి. పైనుంచి చూస్తే నడుం కనిపిస్తుంది. కిటికీ గట్టు ఎక్కడం మళ్లీ మొదలుపెట్టాడు. నన్ను చూసి ఇప్పటికీ అన్యాయం జరిగిపోయినట్టే అరుస్తాడు.

ఈ ఆదివారం మీ వంతు. పిల్లిని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కండి. దించి మీరొక్కరే ఎక్కండి. తేడా ఎంతో క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి. డాక్టర్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్ కూడా పట్టుకెళ్లండి.